పాత సూపర్ జెట్ 701కి టాప్ ఎండ్ (సిలిండర్, పిస్టన్ల భాగం) కట్టాను: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

ముందే చెప్పేస్తాను, డబ్బు దండగ కాలేదు. ఓవర్‌సైజ్ కాస్ట్ (అచ్చులో పోత పోసిన) పిస్టన్లతో కట్టిన ఈ యమహా జెట్ స్కీ ఇంజన్ కొన్ని వేసవులుగా డాలస్ చుట్టుపక్కల లూయిస్‌విల్, గ్రేప్‌వైన్ సరస్సుల్లో మారాం చేయకుండా తిరుగుతోంది. కాకపోతే ఆ ఘనతలో పిస్టన్ కిట్ వాటా సగమే.

సూపర్ జెట్ అంటే నిలబడి నడిపే జెట్ స్కీ. 2021లో ఫోర్ స్ట్రోక్ వచ్చేదాకా ఇందులో ఉన్నది రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజన్. నాది రెండు కార్బ్యురేటర్ల 62టీ ఇంజన్: బోరు (సిలిండర్ వ్యాసం) 81 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 68. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడే లేవడానికి మూలిగేది. ప్లగ్గులు తీసి, థ్రాటిల్ పూర్తిగా నొక్కిపెట్టి గేజ్‌తో కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఒత్తిడి) చూస్తే ఒక సిలిండర్ 140 పీఎస్‌ఐ దగ్గర, రెండోది 100 లోపే. రెంటి మధ్య తేడా పది శాతం దాటితే అనుమానించాల్సిందే. హెడ్ విప్పితే ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ గీరుకుపోయి, రింగు గాడిలో ఇరుక్కుని ఉంది. ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్లకి కొత్తేం కాదు, ఇంజన్ బోరుకొచ్చింది.

చాలామంది ఇక్కడే కిట్ ఆర్డర్ పెట్టేస్తారు. పిస్టన్ ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది వేస్తే అదీ అదే దారి పడుతుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ దారులు మూసి, క్రాంక్‌కేస్‌లోకి (సిలిండర్ కింద క్రాంక్ తిరిగే గదిలోకి) 8 పీఎస్‌ఐ దాకా గాలి ఎక్కించి, సబ్బు నీళ్లు చల్లి చూశాను. గాలి నిలిచింది, అంటే క్రాంక్ సీళ్లు బాగున్నాయి. అవి కారుతుంటే ఇంజన్ దించి కేసు విడగొట్టాల్సి వచ్చేది, అప్పుడిది టాప్ ఎండ్ పని కాదు. దోషం కార్బ్యురేటర్లో దొరికింది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో ఏళ్ల తరబడి నాని డయాఫ్రమ్ (పెట్రోల్‌ని తోడే పల్చని పొర) బిరుసెక్కింది, లోపలి చిన్న జాలీ సగం పూడుకుపోయింది. నూనె పెట్రోల్‌లోనే కలిపి పోసే బండి కాబట్టి పెట్రోల్ తగ్గితే నూనె కూడా తగ్గుతుంది. వేడి పెరిగి, తడి తగ్గి, పిస్టన్ పట్టేస్తుంది. రెండు కార్బ్యురేటర్లకీ రిపేర్ కిట్లు వేసి, పెట్రోల్ పైపులన్నీ మార్చాను.

పిస్టన్ల విషయంలో కాస్ట్ వైపే మొగ్గాను. ఫోర్జ్‌డ్ (లోహాన్ని ఒత్తి చేసిన) పిస్టన్ గట్టిదే, రేసులకి అదే సరి. కానీ అది వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కనుక గోడకీ దానికీ మధ్య ఎక్కువ సందు వదలాలి. పైగా జెట్ స్కీకి రేడియేటర్ లేదు, సరస్సు నీళ్లే నేరుగా సిలిండర్ చుట్టూ తిరుగుతాయి. మార్చి నెల చన్నీళ్లలో ఇంజన్ లేపగానే థ్రాటిల్ లాగితే పిస్టన్ ఉబ్బుతుంది, సిలిండర్ ఇంకా చల్లగానే ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టేస్తాయి. సరదాగా తిరిగే నాలాంటివాడికి, ముఖ్యంగా బండి అరువడిగే స్నేహితులున్నవాడికి, ఫోర్జ్‌డ్ అనవసరం.

కిట్ 250 డాలర్ల చుట్టుపక్కల పడింది, షాపులో బోరింగ్ ఖర్చు వేరే. పిస్టన్లు చేతికొచ్చాకే సిలిండర్ బ్లాకుతో కలిపి షాపుకివ్వండి. వాటిని కొలిచి 81.25కి బోరు చేయడం వేరు, పెట్టె మీద అంకె చూసి చేయడం వేరు. హోనింగ్ (బోరు చేశాక గోడని రాతితో రుద్దడం) గీతలు అడ్డదిడ్డంగా ఒకదాన్నొకటి కోస్తూ కనపడాలి, పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులు నున్నగా మొద్దుబార్చి ఉండాలి. లేకపోతే రింగు అక్కడ తగులుకుంటుంది.

బిగింపులో ఓపిక పరీక్షించేది సిలిండర్ దించడం. రెండు సిలిండర్లూ ఒకే పోత కాబట్టి రెండు పిస్టన్లనీ ఒకేసారి లోపలికి పంపాలి. రింగుల మూతులు గాడిలోని పిన్నుల దగ్గరే ఉండేలా వేళ్లతో నొక్కిపట్టుకోవాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, మా ఆవిడ బ్లాకు పట్టుకుంది. సర్‌క్లిప్ (పిస్టన్ పిన్ను జారకుండా పట్టే చిన్న తీగ) ఎక్కించేటప్పుడు క్రాంక్‌కేస్ నోట్లో గుడ్డ కుక్కడం మరవకండి. పిస్టన్ మీద బాణం ఎగ్జాస్ట్ వైపు.

మొదటి ట్యాంకుకి 32:1 పాళ్లలో నూనె, ఆ తర్వాత 50:1. ఒకే వేగంతో సాగదీయకుండా పెంచుతూ తగ్గిస్తూ నడిపాను. ఇంటి దగ్గర నీళ్ల గొట్టం పెట్టి లేపేటప్పుడు ముందు ఇంజన్, తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు. తిరగేస్తే నీళ్లు ఎగ్జాస్ట్‌లోంచి సిలిండర్లోకి వస్తాయి.

ఏటా సీజన్ మొదట్లో గేజ్ పెడుతున్నాను. రెండు సిలిండర్లూ 150 దగ్గర మొదలై ఇప్పటికి చాలా కొద్దిగా దిగాయి, అదీ జతగానే. స్టార్టర్ బటన్ ముట్టుకోగానే లేస్తోంది. చిరాకు పెట్టింది కిట్‌తో వచ్చిన ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ ఒక్కటే. రెండో వేసవిలోనే ఊదేసి, బానెట్ లోపలంతా నల్ల జిడ్డు చేసింది. యమహా సొంత గ్యాస్కెట్ వేశాక మళ్లీ కారలేదు. ఇప్పుడైతే కిట్ కొనను, పిస్టన్లు విడిగా, గ్యాస్కెట్లు కంపెనీవి తీసుకుంటాను. నలభై, యాభై డాలర్లు ఎక్కువైనా సరే.