గుడ్డు చూశాకే రాస్తానన్నాను: బాతుపిల్లలమ్మే కొట్టు గురించి

ఆగస్టు మొదట్లో మా మండలంలో కోడిపిల్లలూ బాతుపిల్లలూ అమ్మే కొట్లో 10 బాతుపిల్లల్ని కొన్నాం. నెల వయసువి, ఒక్కోటి 120 రూపాయలు. డబ్బు కట్టిన సాయంత్రమే రివ్యూ పెట్టమని మెసేజ్ వచ్చింది. గుడ్డు చూడందే రాయనన్నాను. చూశాను కాబట్టి రాస్తున్నా.

రకం ఖాకీ క్యాంప్‌బెల్. కొట్టబ్బాయి నోట్లో అది ‘కాకి’ అయింది. మా అత్తయ్య అట్టపెట్టె మూత తీసి, “కాకులన్నావు, నల్లగా లేవేమే?” అంది. నూరేళ్ల పైమాటే, ఇంగ్లండులో క్యాంప్‌బెల్ అనే ఆవిడ గుడ్ల కోసమే తయారుచేసిన జాతి ఇది. బాగా మేపితే ఏడాదికి 300 దాకా పెడతాయని పేరు. జాతి విషయంలో కొట్టువాళ్లు మోసం చెయ్యలేదు, అది ముందే చెప్పాలి.

ఐదో నెలలో గుడ్డన్నారు, ఐదున్నర పట్టింది. ధనుర్మాసంలో ముగ్గుకని చీకటితో లేచాను. నీళ్ల తొట్టి పక్క బురదలో తెల్లగా ఏదో కనబడితే కొబ్బరి పిందె అనుకుని కాలితో నెట్టబోయాను. వంటింటి కాటాలో 52 గ్రాములు తూగింది. రెండోది పెంకే లేని తోలుగుడ్డు. అప్పట్నుంచి నత్తగుల్లలు దంచి నూకల్లో, తవుడులో కలుపుతున్నా. ఇప్పుడు 65 తగ్గడం లేదు.

ఇక గొడవలు. “అన్నీ ఆడవేనమ్మా” అని అమ్మాడు. రెండు నెలలు దాటేసరికి ఏడు గొంతు చించుకుని అరుస్తున్నాయి, మూడు జలుబు చేసినట్టు బొంగురుగా. తర్వాత ఆ మూడింటికీ తోక మీద ఈక మెలిక తిరిగింది. మగవే. ఫోన్ చేస్తే, “పండక్కి కోసుకోండమ్మా” అన్నాడు! రెండింటిని మా ఆడపడుచు వాళ్లింటికి పంపాను. ఏం చేశారో అడగలేదు.

అంతకన్నా కోపం దాణా మీద. పిల్లలతో పాటు అంటగట్టిన బస్తా అడుగున బూజు పట్టి ఉంది. నాకూ తెలియక వేశాను, ఒక ఆడబాతు పోయింది. బూజు దాణాకి కోడి తట్టుకున్నంత కూడా బాతు తట్టుకోదని పశువుల డాక్టరుగారు చెప్పారు. పొడి దాణా గొంతుకి అడ్డం పడుతుందనీ, తడిపి పెట్టి పక్కనే ముక్కు మునిగేంత లోతు నీళ్లుంచాలనీ ఆయన చెప్తేనే తెలిసింది. పిల్లలమ్మేవాడు చెప్పాల్సిన మాటలు కావా ఇవి?

గుడ్లన్నీ దొడ్డంతా వెతుక్కోవాల్సి వస్తోందంటే, కోతలైన చేలో బాతుల్ని మేపుతున్న పెద్దాయన నవ్వాడు. “తొమ్మిదైందాకా తలుపు తియ్యకండమ్మా. బాతు తెల్లారగట్లే పెట్టేస్తది, వదిలితే కాలవలో పెట్టొస్తది,” అన్నాడు. ఊక పరిచి తొమ్మిదింటిదాకా మూసి ఉంచుతున్నా. ఆరు ఆడబాతులకి రోజూ నాలుగో ఐదో గూట్లోనే దొరుకుతున్నాయి. నీచు వాసనని మా అబ్బాయి ముట్టడు. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, మిరియాలు కాస్త ఎక్కువేసి పొరటు చేస్తే మాత్రం గిన్నె ఖాళీ.

5కి 3 ఇస్తున్నా. పిల్లల వరకు అక్కడే కొనొచ్చు, కాకపోతే గొంతు తేడా తెలిసే వయసొచ్చాక, అరిపించి చూసి తెచ్చుకోండి. దాణా మాత్రం వద్దు.

ఈ జాతి పొదగదన్న సంగతీ వాళ్లు చెప్పలేదు. 8 గుడ్లు మా నాటుకోడి కింద పెట్టాను. కోడి లెక్క 21 రోజులు, బాతుకి 28 కావాలి. ఇవాళ 23. ఇంకా లేవలేదు, దగ్గరకెళ్తే మాత్రం పొడుస్తోంది.