అవే (away) రొటేషన్లు: ఎన్ని, ఏ ఊళ్లో, ఎక్కడ దిగాలి

అమెరికాలో రెసిడెన్సీకి, అంటే డిగ్రీ తర్వాత ఆస్పత్రిలో చేసే స్పెషలిస్టు శిక్షణకి, అప్లై చేసే ఏడాది ప్రతి ఫైనలియర్ స్టూడెంటూ వేసుకునే లెక్క ఇది. సొంత హాస్పిటల్ వదిలి వేరే ఆస్పత్రిలో నెల రోజులు పనిచేయడమే అవే రొటేషన్. అలాంటివి ఎన్ని చేయాలి? ఆర్థో, న్యూరోసర్జరీ, ఈఎన్‌టీ, ప్లాస్టిక్ సర్జరీ అయితే రెండు, మహా అయితే మూడు. ఎమర్జెన్సీ మెడిసిన్‌కి సొంతచోట ఒకటి, బయట ఒకటి సరిపోతాయి. ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్, ఫ్యామిలీ మెడిసిన్‌కి అసలు అక్కర్లేదు. ఫలానా ఊళ్లోనే స్థిరపడాలన్న పట్టుదల ఉంటే ఒక్కటి చేయొచ్చు.

నాలుగు చేస్తే నాలుగింతల లాభం రాదు. రెసిడెన్సీ అప్లికేషన్లు పంపే ఆన్‌లైన్ వ్యవస్థ ఎరాస్‌లో ఒక ప్రోగ్రామ్‌కి పంపగలిగేవి నాలుగే సిఫారసు లెటర్లు. వాటిలో సొంత కాలేజీవి రెండు ఎలాగూ ఉంటాయి. పైగా ఒక్కో రొటేషన్ నాలుగు వారాల పరీక్ష. తెల్లవారుజామున అయిదింటికల్లా వార్డులో ఉండి, రాత్రి ఏం జరిగిందో నర్సుని అడిగి, రౌండ్స్‌లో పేషెంటు గురించి రెండు నిమిషాల్లో చెప్పాలి. మూడో ఊరికి వచ్చేసరికి ఒళ్లు అలిసిపోతుంది. అలసిన మనిషిని అక్కడివాళ్లు మందకొడి మనిషి అనే అనుకుంటారు. బాగా చేయని అవే రొటేషన్, అసలు చేయని దానికంటే ఎక్కువ చేటు. నచ్చిన ప్రోగ్రామ్ తలుపు మన చేత్తోనే మూసేసుకున్నట్టు అవుతుంది.

వరస కూడా ముఖ్యమే. ముందు సొంతచోట సబ్-ఐ (ఇంటర్న్ స్థాయి పని చేసే రొటేషన్), ఆ తర్వాత జులై, ఆగస్టుల్లో బయటవి. ప్రోగ్రామ్‌లు అప్లికేషన్లు తెరిచేది సెప్టెంబర్ చివర్లో కాబట్టి అప్పటికి లెటర్ చేరాలి. సెప్టెంబర్‌లో చేసిన రొటేషన్ ముఖపరిచయానికి పనికొస్తుంది గానీ దాని లెటర్ సాధారణంగా ఆలస్యమవుతుంది. అన్నిటికంటే ఇష్టమైన చోటుని రెండోదిగా పెట్టుకోవడం మేలు. కంప్యూటర్ చార్టింగ్, ఆర్డర్ల పద్ధతి మొదటిచోట చేతికి అలవాటవుతాయి.

ఇక ఊళ్లు. సర్జరీ వైపు వెళ్లేవాళ్లు ముందు చూడాల్సింది హాస్పిటల్ పేరు కాదు, తెల్లవారుజామున అక్కడికి ఎలా చేరతాం అన్నది. షికాగోలో మెడికల్ డిస్ట్రిక్ట్ పక్కనే బ్లూ లైన్ స్టేషన్ ఉంది, ఆ రైలు 24 గంటలూ నడుస్తుంది. కారు లేనివాళ్లకి ఇంతకంటే సుఖమైన ఏర్పాటు తక్కువ. బోస్టన్‌లో రైళ్లు రాత్రిపూట ఆగిపోతాయి. అక్కడి పెద్దాస్పత్రుల పేట లాంగ్‌వుడ్‌లో చేసేవాళ్లు అద్దె ఎక్కువైనా నడిచి వెళ్లే దూరంలోనే గది తీసుకోవాలి. హ్యూస్టన్‌లో రెడ్ లైన్ రైలు మెడికల్ సెంటర్ మధ్యలోంచే పోతుంది, అయితే జులై ఎండకి పది నిమిషాలు నడిస్తే చొక్కా తడిసిపోతుంది. కోటు చేతిలో పట్టుకెళ్లి లోపలికి వెళ్లాక వేసుకోవాలి. క్లీవ్‌లాండ్‌లో యూక్లిడ్ అవెన్యూ మీద నడిచే హెల్త్‌లైన్ బస్సు పెద్ద ఆస్పత్రుల ముందే ఆగుతుంది. మిన్నెసోటాలోని రాచెస్టర్‌లో మేయో క్లినిక్ చుట్టూ పేషెంట్ల బంధువుల కోసం కట్టిన బసలు బోలెడు. డౌన్‌టౌన్‌లో చాలా భవనాల్ని కలుపుతూ పైన వంతెనలు, కింద సొరంగదారులు ఉన్నాయి కాబట్టి చలికాలంలోనూ ఇబ్బంది లేదు. నివాసం విషయంలో మా మొదటి ఓటు దానికే.

గది ఎన్ని రోజులకి తీసుకోవాలి? రొటేషన్ సోమవారం మొదలైతే గురువారమే దిగండి. బ్యాడ్జ్ ఆఫీసు చాలాచోట్ల శని, ఆదివారాలు తెరవరు. సోమవారం అది తెరిచేలోపే రౌండ్స్ అయిపోతాయి. బ్యాడ్జ్ లేకపోతే తలుపులు తెరుచుకోవు, స్క్రబ్స్ (ఆపరేషన్ థియేటర్ దుస్తులు) ఇచ్చే మెషీన్ బట్టలివ్వదు. గురువారం నుంచి నాలుగో శుక్రవారం మర్నాటి దాకా లెక్కేస్తే సరిగ్గా 30 రాత్రులు. ఎయిర్‌బీఎన్‌బీలో నెలవారీ తగ్గింపు ఇచ్చే ఇళ్లకి 28 రాత్రులు లేదా అంతకు మించి ఉంటే అది వర్తిస్తుంది. న్యూయార్క్‌లో అయితే 2023 నుంచి 30 రోజుల లోపు అద్దెల మీద గట్టి ఆంక్షలున్నాయి, కాబట్టి అక్కడ ఈ 30 మరీ ముఖ్యం. మెడికల్ స్టూడెంట్లు ఒకరికొకరు గదులిచ్చుకునే రొటేటింగ్ రూమ్ వెబ్‌సైట్‌లో కూడా వెతకండి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి వచ్చేవాళ్ల లెక్క వేరు. పేషెంటుని చేత్తో చూసే ఎలెక్టివ్ (బయటి స్టూడెంట్లకి ఇచ్చే రొటేషన్) సాధారణంగా డిగ్రీ చేతికి రాకముందే దొరుకుతుంది. హౌస్ సర్జన్లని స్టూడెంట్లుగా తీసుకుంటారా లేదా అన్నది ఒక్కో ఆస్పత్రి ఒక్కోలా చూస్తుంది, ముందే మెయిల్ రాసి అడగాలి. డిగ్రీ వచ్చాక మిగిలేది ఎక్కువగా అబ్జర్వర్‌షిప్పే. పక్కన నిలబడి చూడటమే తప్ప నోట్స్ రాయనివ్వరు. జీతం లేని ఎలెక్టివ్‌కి బీ-1 వీసా చాలు, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఆస్పత్రి ఇచ్చిన ఆహ్వాన లేఖ చూపించాలి. డబ్బు తీసుకుని ప్రైవేట్ క్లినిక్‌లో కూర్చోబెట్టే ఏజెన్సీలకి నెలలు ధారపోయకండి. రెసిడెన్సీ ప్రోగ్రామ్ లేని చోట సంపాదించిన లెటర్‌కి బరువు తక్కువ.

ఎక్కువమంది ఇరుక్కునేది మాత్రం ఆస్పత్రి ముందే అడిగే టీకాల ఫారం దగ్గర. మనకి చిన్నప్పుడే బీసీజీ వేస్తారు కాబట్టి చేతి మీద సూదితో చేసే టీబీ పరీక్ష ఉత్తపుణ్యానికి పాజిటివ్ రావచ్చు. అందుకే క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష అడగండి, బీసీజీ దాన్ని తప్పుదారి పట్టించదు. మీజిల్స్, మంప్స్, రుబెల్లా, చికెన్‌పాక్స్, హెపటైటిస్ బీ టైటర్లు, అంటే రక్తంలో రక్షణ ఎంత ఉందో చూపే పరీక్షలు, కూడా కావాలి. హెపటైటిస్ బీ టైటర్ తక్కువొస్తే బూస్టర్ వేయించుకుని నెలా రెండు నెలలాగి మళ్లీ చూడాలి. అసలు టీకానే పడకపోతే మామూలు పద్ధతిలో మూడు డోసులకి ఆరు నెలలు. జులై రొటేషన్‌కి ఈ రక్తం డిసెంబర్‌లోనే ఇచ్చేయాలి.