నాలుగేళ్లు, 62 వేల కిలోమీటర్లు: నా పోలో టీఎస్ఐ

2021లో ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్ తీసుకుంటానన్నప్పుడు నాన్న ఒకటే అడిగారు: "అదే డబ్బుకి పెద్ద బండి వస్తుంది కదరా?" నిజమే, వస్తుంది. కానీ టెస్ట్ డ్రైవ్‌లో ఫ్లైఓవర్ వంపు మీద స్టీరింగ్ తిప్పగానే నాకు ఇక వేరే బండి చూడాలనిపించలేదు.

ఇంజిన్ ఒక లీటరే, మూడు సిలిండర్లు. టర్బో ఉంది కాబట్టి 110 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్ ఇస్తుంది. ఆరు గేర్లు. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఈ అంకెలు పెద్దగా అక్కరకు రావు. 2 వేల ఆర్‌పీఎం లోపు పికప్ తక్కువ, చిన్న టర్బో ఇంజిన్లకి ఇది మామూలే. అలవాటు కావాలంతే. నాకు సిటీలో లీటరుకి 11, 12 వస్తోంది, హైవే మీద 17 దాకా.

ఈ బండి ఏమిటో తెలియాలంటే మాత్రం శ్రీశైలం దారిలో నడపాలి. అడవి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది. అందుకే తెల్లవారుజామున బయల్దేరి గేటు తీసే వేళకి అక్కడుంటాను. నల్లమలలో నెమ్మదిగానే పోతాను, ఎక్కడ ఏ జంతువు రోడ్డెక్కుతుందో చెప్పలేం. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో మొదలవుతుంది అసలు ఆనందం. మలుపుకి ముందే బ్రేక్ వేసి, థర్డ్ నుంచి సెకండ్‌కి తెచ్చి, స్టీరింగ్ ఎంత తిప్పితే బండి అంతే తిరుగుతుంది. పక్కకి ఒరిగిపోతున్నట్టు ఉండదు. డ్యామ్ దాటి మళ్లీ ఎక్కేటప్పుడు సెకండ్‌లోనో థర్డ్‌లోనో ఉంచితే చాలు, టర్బో అందుకుని సాఫీగా లాగేస్తుంది. అక్కడ 40 దాటే పనే లేదు, అయినా దిగబుద్ధి కాదు.

పోయిన కార్తీకమాసంలో నాన్న ముందు సీట్లో కూర్చున్నారు. సరిగ్గా ఒక పెద్ద మలుపు మధ్యలో సీసా మూత తీసి నీళ్లు తాగారు. చొక్కా మీద చుక్క పడలేదు. మూత బిగిస్తూ, "బండి నిలకడగా పోతోందిరా" అన్నారు. ఆ మాట కోసం మూడేళ్లు ఎదురుచూశాను.

సస్పెన్షన్ కాస్త గట్టిది. గుంతల రోడ్డు మీద నడుముకి తెలుస్తుంది. 48 వేల దగ్గర ముందువైపు నుంచి టక్ టక్‌మని శబ్దం మొదలైంది. ఒక మల్టీబ్రాండ్ వర్క్‌షాప్‌లో షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాలన్నారు. నమ్మబుద్ధి కాక మా వీధి మెకానిక్‌కి చూపించాను. జాకీ పెట్టి, టైరు తీసి, లింక్ రాడ్‌ని, అంటే సస్పెన్షన్‌లో ఉండే చిన్న కడ్డీని, చేత్తో ఊపి చూపించాడు. లూజుగా కదులుతోంది. రెండు వైపులా లింక్ రాడ్లు మారిస్తే శబ్దం పోయింది. మీ బండికీ ఇలాంటి శబ్దం వస్తే పెద్ద ఖర్చుకి ఒప్పుకునే ముందు అది ఊపి చూడమనండి.

2022లో మన దేశంలో పోలో తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు సెకండ్ హ్యాండే దిక్కు. కొనేవాళ్లు పొద్దున్నే వెళ్లి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చేయండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద థర్డ్‌లో వేసి 1,500 ఆర్‌పీఎం నుంచి మెల్లగా నొక్కుతూ వెళ్లండి. ఎక్కడా తడబడకుండా లాగాలి. తడబడితే ఎంత తక్కువకి ఇస్తామన్నా వదిలేయండి.