హెరిటేజ్ కార్డుతో ఆరేళ్ళు: ఐర్లండ్ కోటలు, ఒక సమాధి, ఒక జైలు

2018 ఆగస్టులో కిల్లార్నీ సరస్సు ఒడ్డున రాస్ కాజిల్ చూడ్డానికి వెళ్ళాం. టికెట్ కౌంటర్లో ఉన్న పెద్దావిడ "ఇక్కడే ఉంటారా, తిరగడానికి వచ్చారా?" అని అడిగింది. డబ్లిన్‌లో ఉంటామని చెప్పగానే టికెట్లు పక్కన పెట్టి, ఒకసారి కొంటే ఏడాదంతా చారిత్రక స్థలాలు చూడనిచ్చే హెరిటేజ్ కార్డు సంగతి చెప్పింది. అప్పట్లో పెద్దవాళ్ళకి 40 యూరోలు, కుటుంబానికి 90. మేం కుటుంబం కార్డు తీసుకున్నాం. కోవిడ్‌లో అన్నీ మూతపడిన ఏడాది తప్పిస్తే అప్పట్నుంచి ఏటా తీసుకుంటూనే ఉన్నాం. అలా ఆరు కార్డులయ్యాయి. కొత్తగా వచ్చిన మనవాళ్ళు "గిట్టుబాటవుతుందా అక్కా?" అని అడుగుతుంటారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క. ఐర్లండ్ ప్రభుత్వంలో ఓపీడబ్ల్యూ అనే విభాగం నడిపే, టికెట్ పెట్టిన చారిత్రక స్థలాలన్నిటికీ ఈ కార్డు పనిచేస్తుంది. అవి నలభైకి పైనే ఉన్నాయి. ఏడాది గడువు మొదటిసారి వాడిన రోజు నుంచి మొదలవుతుంది. నేను తిరిగిన ఏళ్ళలో చాలా చోట్ల మనిషికి 5 నుంచి 8 యూరోలు ఉండేది, కాబట్టి ఆరేడు చోట్లు చూస్తే కార్డు డబ్బు వచ్చేసినట్టే. బ్లార్నీ, బన్‌రాటీ కోటలు దీని కిందికి రావు, వాటి టికెట్ వేరు. ఉత్తర ఐర్లండ్‌లోని కారిక్‌ఫెర్గస్, డన్‌లూస్ కోటలు వేరే పాలన కిందివి, అక్కడా చెల్లదు. స్కెలిగ్ మైకేల్ దీవికి తీసుకెళ్ళే పడవల వాళ్ళకి మామూలుగా డబ్బు కట్టాల్సిందే.

మొదటి ఏడాది నేనూ ఈ లెక్కే చూసుకున్నాను. రెండో ఏడాది నుంచి లెక్క మానేశాను. ఒకే కోటకి మళ్ళీ మళ్ళీ వెళ్ళే వీలు కలగడమే ఈ కార్డులో అసలు సుఖం. టికెట్ కొని వెళ్తే డబ్బులిచ్చాం కదా అని ప్రతి బోర్డూ చదివి, ప్రతి మెట్టూ ఎక్కి అలిసిపోయి ఇంటికొస్తాం. కార్డు ఉంటే దారిలో అరగంట ఆగి, ఒక్క గది చూసుకుని వచ్చేయొచ్చు. వానలో, చలికాలంలో, మనసు బాగాలేని రోజున కూడా వెళ్ళొచ్చు.

ట్రిమ్ కాజిల్‌కి నేను అలా తొమ్మిదిసార్లు వెళ్ళాను. డబ్లిన్ నుంచి కారులో గంట లోపే. మీత్ కౌంటీలో బోయిన్ నది పక్కన ఉంటుంది. 1172లో ఇంగ్లండు రాజు రెండో హెన్రీ ఈ ప్రాంతమంతా హ్యూ డి లేసీ అనే నార్మన్ (ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండుని గెలిచినవాళ్ళ సంతతి) ప్రభువుకి రాసిచ్చాడు. ఆయన మొదట కట్టిన కర్రకోట ఐరిష్ రాజు రోరీ ఓ కానర్ సేనల దాడిలో నాశనమైంది. తర్వాత రాతితో మొదలుపెట్టిన కోట పూర్తవడానికి దాదాపు ముప్పయ్యేళ్ళు పట్టింది. ఈలోగా 1186లో డి లేసీ హత్యకు గురయ్యాడు, పని కొడుకు వాల్టర్ హయాంలో ముగిసింది. నార్మన్లు ఐర్లండ్‌లో కట్టిన కోటల్లో ఇదే అతి పెద్దది. నడిబొడ్డున ఉండే పెద్ద బురుజు శిలువ ఆకారంలో ఉంటుంది, దానికి ఏకంగా ఇరవై మూలలు. ఇన్ని మూలలుంటే కాపలా కాయడం కష్టమే కదా అని మావారు అడిగితే, చూసినవాడి గుండె ఝల్లుమనాలన్న కోరిక అందులో ఎక్కువుందని గైడు చెప్పాడు.

బురుజు లోపలికి గైడుతోనే వెళ్ళాలి. మొదటిసారి నాకు అది ఇబ్బందిగా అనిపించింది, మన ఇష్టం వచ్చినట్టు తిరగనివ్వరేమని. ఇప్పుడైతే గైడు లేకుండా ఏ కోటలోకీ వెళ్ళొద్దని చెబుతాను. గోడల నిండా వరసగా ఉండే చదరపు బొక్కలు నేను ఒంటరిగా వెళ్తే పావురాల గూళ్ళనుకునేదాన్ని. అవి కట్టేటప్పుడు పరంజా దూలాలు దూర్చిన రంధ్రాలు. వాటిలో కొన్నిట్లో ఓక్ కర్ర మొదళ్ళు అలాగే మిగిలిపోతే, ఆ కర్రలోని వలయాలు లెక్కపెట్టి కోట ఏ దశలో ఎప్పుడు కట్టారో తేల్చారు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట మేస్త్రీ నిలబడిన పరంజా చివరే సాక్ష్యం చెప్పిందన్నమాట. ఆ మాట విన్నాక ఏ పాత గోడ చూసినా నా కళ్ళు ముందు పరంజా బొక్కల కోసం వెతుకుతాయి.

వేసవిలో ట్రిమ్ పచ్చగా, ఫొటోలకి హాయిగా ఉంటుంది. నాకు ఆ కోట అర్థమైంది మాత్రం ఫిబ్రవరిలో ఒక శనివారం. ఆకాశం బూడిదరంగు, నది మీంచి గాలి, మొత్తం గుంపు ఆరుగురం. పై అంతస్తులో నిలబడితే చెవులు మొద్దుబారిపోయాయి. పొయ్యి అంత పెద్దది ఎందుకో, గోడ మూడు మీటర్ల మందం ఎందుకో, కిటికీలు పట్టుమని జానెడు వెడల్పు లేవెందుకో అప్పుడు ఒంటికి తెలిసింది. అదే టికెట్ కొని వెళ్ళాలంటే ఫిబ్రవరిలో ఎవరు వెళ్తారు?

ఇక టవర్ హౌసులు. పదిహేను, పదహారు శతాబ్దాల్లో ఐరిష్ నాయకులు, నార్మన్ సంతతి జమీందార్లు కట్టుకున్న నిలువు ఇళ్ళు ఇవి. కిల్లార్నీలో రాస్ కాజిల్, గాల్వే కౌంటీలో ఓ ఫ్లాహర్టీ వంశం వాళ్ళు కట్టిన ఆనానూర్ అలాంటివే. గుమ్మం దాటగానే తల మీద ఒక రంధ్రం ఉంటుంది, లోపలికి చొరబడ్డ శత్రువు మీద పైనుంచి దాడి చేయడానికి. మెలికలు తిరిగే మెట్లు ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. కొత్తవాడు చీకట్లో తడబడాలని అలా కట్టారని చెబుతారు. మరుగుదొడ్డి గూట్లో బట్టలు వేలాడదీసేవారట, ఆ ఘాటుకి పేలు చచ్చేవని. ఇవన్నీ పిల్లలకి భలే నచ్చుతాయి. మావాడు ఆ మెట్ల మీద ఎన్నిసార్లు ఎక్కి దిగాడో.

నాకు నచ్చింది పైకప్పు. చాలా టవర్ హౌసుల్లో కమాను కప్పు కింద నిలబడి తలెత్తి చూస్తే సున్నంలో అల్లిక గుర్తులు కనిపిస్తాయి. కమాను కట్టేటప్పుడు అడుగున కర్రల చట్రం మీద తడికలు పరిచి, వాటి మీద సున్నం వేసి రాళ్ళు పేర్చేవారు. గట్టిపడ్డాక చట్రం తీసేస్తే తడిక అచ్చు అలాగే ఉండిపోయింది. 2023లో అమ్మా నాన్నా విశాఖ నుంచి వచ్చినప్పుడు అమ్మని కింది గదిలోనే ఆపేశాను, ఆ మెట్లు ఆవిడ మోకాళ్ళకి అయ్యే పని కాదు. మేం పైకెళ్ళి దిగొచ్చేసరికి ఆవిడ కప్పు వైపే చూస్తోంది. "ఇదేంటే, తడికలా ఉందీ?" అంది. నేను రెండేళ్ళు తిరిగాక గైడు చెబితే తెలుసుకున్నది, తడికలు అల్లే చేతులు చిన్నప్పుడు చూసిన మనిషికి పది నిమిషాల్లో తెలిసిపోయింది. గైడుకి చెబితే ఆయన సంతోషం చూడాలి.

టిపరరీ కౌంటీలో రాక్ ఆఫ్ కాషెల్, కాహిర్ కాజిల్ రెండూ డబ్లిన్ నుంచి కార్క్ వెళ్ళే ఎం8 దారి పక్కనే ఉంటాయి, ఒకే రోజులో చూడొచ్చు. అయితే కాషెల్‌కే పూట మొత్తం కేటాయించండి. మైదానం మధ్య సున్నపురాయి గుట్ట, దాని మీద శిఖరాలు. మన్‌స్టర్ రాజుల రాజధాని అది. 1101లో మర్కర్టాక్ ఓ బ్రయన్ దాన్ని చర్చికి దానం చేశాడు. 1647లో, ఇంగ్లండు రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరిగిన కాలంలో, పార్లమెంటు పక్షం సేనలు గుట్టనెక్కి, అక్కడ తలదాచుకున్నవాళ్ళని నరికేశాయి. ఆ సేనల్ని నడిపిన ఇంచిక్విన్ ప్రభువు కూడా ఓ బ్రయన్ వంశం వాడే. దానమిచ్చిన వంశమే తెగబడిందని తెలిశాక గుట్ట మీద పైకప్పు లేకుండా మిగిలిన కెథడ్రల్‌లో (పెద్ద చర్చిలో) మాట పెగలదు.

అక్కడే 1134లో ప్రతిష్ఠ చేసిన కార్మాక్స్ చాపెల్ అనే చిన్న చర్చి ఉంది. లోపల గోడల మీద కుడ్యచిత్రాల ఆనవాళ్ళున్నాయి, శతాబ్దాల తరబడి వెల్ల కింద దాగి ఉండి బతికిపోయాయి. ఇసుకరాయి కట్టడం కావడంతో నీళ్ళు పీల్చేసి లోపల చెమ్మ పట్టేది. అందుకే ఏళ్ళ తరబడి పైన కప్పు వేసి ఆరబెట్టారు. మనుషుల ఊపిరిలోని తేమ కూడా బొమ్మలకి చేటే కాబట్టి కొద్దిమందినే, గైడు వెంట లోపలికి పంపుతారు. వెళ్ళగానే ముందు ఈ టూరు సమయం అడిగి పేరు రాయించుకోండి.

కాహిర్ కోట ష్యూర్ నది మధ్య రాతిదిబ్బ మీద ఉంది. 1599లో ఇంగ్లండు సేనాని ఎసెక్స్ ఎర్ల్ ఫిరంగులతో ముట్టడించాడు, ఆనాటి గుండు ఒకటి ఇప్పటికీ గోడలో ఇరుక్కుని ఉంది. మావాడికి అన్ని కోటల్లోకీ ఇదే ఇష్టం.

న్యూగ్రేంజ్ కోట కాదు, క్రీస్తుపూర్వం 3200 నాటి సమాధి. గీజా పిరమిడ్ల కంటే ఐదారు వందల ఏళ్ళు పాతది. కార్డు ఉన్నా సమయం ముందే బుక్ చేసుకోవాలి. మేం మొదటిసారి ఆ సంగతి తెలియక వెళ్ళి, ఆ రోజుకి ఖాళీల్లేక బయటి ప్రదర్శన చూసి వచ్చేశాం. 19 మీటర్ల సొరంగంలో వంగి, పక్కకి ఒరిగి నడవాలి. లోపలి గది కప్పు రాయి మీద రాయి కొంచెం కొంచెం ముందుకి జరుపుతూ పేర్చింది, ఐదు వేల ఏళ్ళుగా వాననీటిని లోపలికి రానివ్వలేదు. డిసెంబరు అయనాంతం (ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే) రోజుల్లో సూర్యోదయపు వెలుగు గుమ్మం పైన ఉన్న చిన్న గూటిలోంచి వచ్చి 17 నిమిషాలు లోపలి నేల మీద పడుతుంది. తవ్వకాలు జరిపిన మైకేల్ ఓ కెల్లీ 1967 డిసెంబరు 21న లోపల నిలబడి అది కళ్ళారా చూశాడు. టూరులో గైడు దీపాలన్నీ ఆర్పి, ఆ వెలుగుని విద్యుత్ దీపంతో చూపిస్తారు. ఆ చీకటి నాకు వెలుగు కంటే ఎక్కువ గుర్తుండిపోయింది.

నాన్నని మాత్రం డబ్లిన్‌లోని కిల్‌మేనమ్ జైలుకి తీసుకెళ్ళాను. 1916 మే 3 నుంచి 12 వరకు బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో 14 మందిని అక్కడ కాల్చి చంపారు. వాళ్ళలో ఒకడైన, గాయపడ్డ జేమ్స్ కానలీని ముందు డబ్లిన్ కాజిల్‌లో ఉంచారు. నిలబడలేని మనిషిని అంబులెన్సులో జైలుకి తెచ్చి కుర్చీకి కట్టి కాల్చారు. రాళ్ళు కొట్టే ఆ ఆవరణలో రెండు శిలువలున్నాయి, ఒకటి కానలీ చనిపోయిన చోట. నాన్న వాల్తేరులో రైల్వేలో చేసి రిటైరయ్యారు. "గిరిగారు అప్పుడు ఇక్కడే చదువుకుంటున్నారమ్మా" అన్నారు మెల్లగా. నిజమే. బరంపురం తెలుగువాడు వి.వి.గిరి 1913 నుంచి 1916 వరకు డబ్లిన్‌లో లా చదివారు, తిరుగుబాటు జరిగిన ఏడే ఈ దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. తర్వాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపారు, రాష్ట్రపతి అయ్యారు. నాన్నకి ఆయన యూనియన్ ఆఫీసు గోడ మీది ఫొటో. ఆ మధ్యాహ్నం నాన్న శిలువ ముందు చెప్పులు విడిచి నిలబడ్డారు. నేను ఆ జైలుకి అప్పటికే నాలుగుసార్లు వెళ్ళాను, ఒక్కసారీ గిరిగారు గుర్తురాలేదు. మర్నాడు డబ్లిన్ కాజిల్‌కి వెళ్ళి కానలీని ఉంచిన గది కూడా చూసి వచ్చాం. 1922 జనవరి 16న బ్రిటిష్‌వాళ్ళు ఐరిష్ నాయకుడు మైకేల్ కాలిన్స్ బృందానికి అధికారం అప్పగించింది కూడా ఆ కోటలోనే.

ఇబ్బందులూ చెప్పాలి. కారు లేకపోతే కార్డు సగమే ఉపయోగం. డబ్లిన్, కిల్కెనీ, కాషెల్, కాహిర్, ట్రిమ్ బస్సులోనో రైల్లోనో దొరుకుతాయి కానీ మిగతా చాలా వాటికి చివరి కొన్ని కిలోమీటర్లు కారే దిక్కు. చాలా చోట్ల చలికాలంలో మూసేస్తారు. నవంబరులో ఒకసారి రెండు గంటలు ప్రయాణించి తాళం వేసిన గేటు చూసి తిరిగొచ్చాం, అప్పట్నుంచి బయల్దేరే ముందు వేళలు చూడకుండా వెళ్ళను. అందుకే కార్డు మార్చిలో మొదలుపెట్టండి, తెరిచి ఉండే కాలమంతా చేతికొస్తుంది. పెద్దవాళ్ళు వెంట ఉంటే టవర్ హౌసుల కంటే కిల్కెనీ కాజిల్ మేలు, నడవడానికి విశాలంగా ఉంటుంది. 1967లో బట్లర్ కుటుంబం ఆ కోటని ఊరికి 50 పౌండ్లకి ఇచ్చేసింది, దాని ముందున్న పచ్చిక మీద అమ్మ పులిహోర పొట్లం విప్పింది. వారం రోజులకి వచ్చే చుట్టాలకైతే కార్డు అక్కర్లేదు, ట్రిమ్, కాషెల్ టికెట్లు కొనివ్వండి చాలు.

న్యూగ్రేంజ్‌లో డిసెంబరు సూర్యోదయం లోపల నిలబడి చూడాలంటే లాటరీలో పేరు రావాలి. మేం ఏటా మా ముగ్గురి పేర్లూ ఇస్తున్నాం, ఇంకా రాలేదు. ఈ ఏడు అమ్మ పేరు కూడా వేశాను.