పాండిచ్చేరిలో రెండు రాత్రులు, రెండు హోటళ్ళు

ఫొటోలో చూపించే రూమూ మనకిచ్చే రూమూ ఒకటి కావన్న సంగతి ముందే తెలిసుంటే మా అత్తయ్య మోకాలు అంత వాచేది కాదు. అందుకే ఇది రాస్తున్నా, వచ్చే లాంగ్ వీకెండ్‌కి పాండీ వెళ్దామనుకునేవాళ్ళు కనీసం మీరైనా జాగ్రత్త పడతారని.

మేం చెన్నైలో ఉంటాం. సోమవారం సెలవొచ్చింది కదా అని నేను, మా ఆయన, పాప, నెల్లూరు నుంచి వచ్చిన అత్తయ్య, నలుగురం శనివారం పొద్దున్నే కార్లో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీదుగా బయల్దేరాం. రోడ్డు బావుంది, టిఫిన్ బావుంది, ఆ కబుర్లు వదిలేస్తా.

హోటల్ సెలెక్ట్ చేసింది నేనే, పది రోజులు వెతికా. ఎక్కడైనా ఒకేలా ఉండే పెద్ద కంపెనీ హోటల్ వద్దు, వైట్ టౌన్‌లో (సముద్రం పక్కనున్న ఫ్రెంచివాళ్ళ పేట) పాత ఫ్రెంచి ఇల్లు, పసుప్పచ్చ గోడలు, గేటు మీద కాగితంపూల తీగ, లోపల పందిరిమంచం, అలాంటి బొటీక్ హోటలే కావాలని పట్టుబట్టా. ఒకటి దొరికింది, రాత్రికి 6,800, టాక్స్ 5 శాతం కలిపి 7,140, రెండు రాత్రులకి 14,280 ముందే కట్టేశా, క్యాన్సిల్ చేస్తే డబ్బులు తిరిగిరావు అన్న రేటు అయితే 600 తక్కువని అదే నొక్కా. (అది నొక్కొద్దు. ఎందుకో కింద చెప్తా.)

చెక్ ఇన్ రెండింటికన్నారు, తాళం చేతికొచ్చేసరికి 2:40. ముందు హాలు చూస్తే నిజంగా ప్రాణం లేచొచ్చింది, ఎత్తయిన కప్పు, నున్నటి సున్నపు గోడలు, అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉంది. అక్కణ్ణుంచి హోటల్ కుర్రాడు మమ్మల్ని వెనకవైపు తీసుకెళ్ళాడు, అక్కడో ఇరుకు మెట్లదారి, లిఫ్ట్ లేదు, రెండో అంతస్తు, పాప లెక్కపెట్టింది 38 మెట్లు. అత్తయ్యకి రెండేళ్ళ కింద మోకాలి ఆపరేషన్ అయింది. ఆవిడ ఒక్క మాట అనలేదు, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే నాకు తల తీసేసినట్టయింది. పైకెళ్ళి చూస్తే అది పాత ఇల్లే కాదు, వెనకాల కొత్తగా వేసిన కాంక్రీటు గది, దానికీ అదే పసుప్పచ్చ రంగు కొట్టారు, మంచం మామూలు మంచం, కిటికీ తెరిస్తే చెయ్యి చాపేంత దూరంలో పక్కింటి గోడ, ఆ గోడ కింద జనరేటర్.

కిందకొచ్చి ఫొటో చూపించి "ఈ రూమ్ ఏదండీ" అన్నా. "అది ఒక్కటే ఉంది మేడం, ముందువైపు, దానికి 11,500, ఇవాళ ఫుల్" అన్నాడు మేనేజర్ ఏమీ తెలియనట్టు. మరి నేను బుక్ చేసిన రూమ్ పేరు కింద ఆ ఫొటో ఎందుకు పెట్టారంటే "అన్నీ మా ప్రాపర్టీ ఫొటోలే కదా" అన్నాడు. పోనీ పెద్దావిడ కోసం కింద ఏదైనా ఇవ్వండంటే లేదు, నాలుగో మనిషికి పరుపు వేస్తే మాత్రం 1,200 అన్నాడు. మా ఆయన నా వైపు చూసి ఊరుకున్నారు, అరిచినా బాగుండేది.

రాత్రి కింద కేఫ్‌లో పాటలు పదకొండింటి దాకా, ఆ తర్వాత కరెంటు పోతే జనరేటరు. పొద్దున ఉచిత టిఫిన్ అంటే రెండు బ్రెడ్ ముక్కలు, కాస్త జామ్, బొప్పాయి. అత్తయ్య బ్రెడ్ తినరు, ఇడ్లీ అడిగితే ప్లేటు 180 అన్నారు. ముందురోజు రాత్రి భోజనం బిల్లు 1,460కి సర్వీస్ ఛార్జ్ అని ఇంకో 146 కలిపారు. అది మాత్రం నేను వదల్లేదు. మనం అడక్కుండా బిల్లులో సర్వీస్ ఛార్జ్ వెయ్యకూడదని 2022లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది, 1915కి ఫోన్ చెయ్యమంటారా అంటే రెండు నిమిషాల్లో తీసేశారు. మీరూ అడగండి, సిగ్గుపడకండి. రెండో రాత్రి వద్దు, డబ్బులివ్వండి అంటే మాత్రం గంట వాదన, చివరికి సగం, 3,570 ఇచ్చారు. ఆ 600 మిగుల్చుకోబోయి ఇంకో 3,570 పోగొట్టుకున్నా.

సామాన్లు కార్లో పడేసి ముందు మణకుళ వినాయకుడి గుడికెళ్ళాం. దర్శనమయ్యాక మా ఆయనే అన్నారు, "కాలువ దాటి అటువైపు చూద్దాం పద" అని. పాండీ తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఊరి మధ్యలో ఒక పెద్ద కాలువుంది, సముద్రం వైపు ఫ్రెంచివాళ్ళ వీధులు, ఇవతల తమిళుల వీధులు. అందరం ఫొటోల కోసం ఫ్రెంచి వైపే ఎగబడతాం గానీ ఇవతల వైశ్యాల్ వీధి లాంటివి చూస్తే మతిపోతుంది, పాత కట్టడాల్ని కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ళు పాత ఇళ్ళ ముందుభాగాలు బాగుచేయించారు, 2008లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. ఆ చుట్టుపక్కల సందులోనే ఒక ఇల్లు కనబడింది, ముందు అరుగు, అరుగు మీద చెక్క స్తంభాలు, చిన్న బోర్డు. మొత్తం ఆరే రూములు.

లోపలికి అడుగుపెట్టగానే అత్తయ్య ఆగిపోయారు. మధ్యలో ఆకాశం కనబడే మండువా, చుట్టూ వసారా, స్తంభాలు, వాన నీళ్ళు పోయే తూము. "మా అమ్మమ్మగారి లోగిలి ఇట్నే ఉండేదిరా" అని మా ఆయన చెయ్యి పట్టుకున్నారు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆవిడ మాట్లాడిన మొదటి పెద్ద మాట అదే.

ఇంకో విషయం, అక్కడ చూసుకునే ఆవిడ మా మాటలు విని "ఆయ్, తెలుగోళ్ళా అండి! రండి రండి" అన్నారు. యానాం అంట! కాకినాడ పక్కనున్న యానాం పాండిచ్చేరి కిందకే వస్తుంది కదా, కొడుకు ఉద్యోగం ఇక్కడని పదేళ్ళ కింద వచ్చేశారంట. నాకు ఇంకా బాగా నచ్చిందేంటంటే రూము ఇస్తానని ముందు చెప్పలేదు, "పెద్దావిడ మెట్లెక్కలేరు కదండి, కింద అరుగు పక్క గది చూడండి, నచ్చితేనే మాట్లాడుకుందాం, వీధి చప్పుడు కాస్త వస్తదండి, అదొక్కటే" అన్నారు. లోపం కూడా తనే చెప్పింది! 4,200, టాక్స్ కలిపి 4,410, అత్తయ్యకి పరుపు ఊరికే వేశారు. మర్నాడు పొద్దున పెసరట్టు, అల్లం పచ్చడి, ఫిల్టర్ కాఫీ. మా పాప నాలుగు తింది, ఇంట్లో ఒకటి తినదు.

ఆ సాయంత్రం బీచ్ రోడ్డు మీద గాంధీ విగ్రహం దాకా నడిచాం, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా బళ్ళు రానివ్వరు కాబట్టి పిల్లల్ని వదిలేసి హాయిగా నడవచ్చు, పైసా ఖర్చు లేదు. ఆరోవిల్‌లో మాతృమందిర్ (బంగారు రంగు గోళంలా ఉండే ధ్యాన మందిరం) దూరం నుంచి చూసొచ్చాం, లోపలికెళ్ళాలంటే ముందే బుక్ చేస్కోవాలి.

ఇంతకీ నాకర్థమైంది ఏంటంటే, పెద్ద హోటల్లో 204 అయినా 304 అయినా ఒకటే, ఏదిచ్చినా పర్లేదు. ఇలాంటి పాత ఇళ్ళలో ఒక్కో గది ఒక్కో రకం, అందమూ అక్కడే ఉంది, మోసమూ అక్కడే జరుగుతుంది. అందుకని హోటల్ పేరు చూసి డబ్బు కట్టకండి, ఫోన్ చేసి మాకిచ్చే గది ఏ నంబరు, ఏ అంతస్తు, కిటికీ ఎటు తెరుచుకుంటుంది, కింద కేఫ్ గానీ జనరేటర్ గానీ ఉందా, పాత ఇంట్లోదా వెనక కట్టిందా అని అడగండి. ఆ గది వీడియో వాట్సాప్‌లో పంపమనండి, పంపడానికి సణిగితే ఆ హోటల్ వదిలెయ్యండి, నంబరు మెసేజ్‌లో రాయించుకోండి. రివ్యూల్లో ఐదు స్టార్లవి కాదు, కొత్తగా రాసిన రెండు మూడు స్టార్లవి, గెస్టులు పెట్టిన ఫొటోలు చూడండి, నేను ఇంటికొచ్చాక చూస్తే ఆ 38 మెట్ల గురించి ఒకాయన ఆరు నెలల కిందే రాశాడు. ఇద్దరే వెళ్తూ డబ్బుకి వెనకాడకపోతే వైట్ టౌన్‌లో ముందువైపు గది తీసుకోండి, బావుంటుంది. పెద్దవాళ్ళు, పిల్లలు ఉంటే మాత్రం కాలువకి ఇవతల తమిళుల వైపే, నా మాట నమ్మండి.

సోమవారం బయల్దేరేముందు నేను బిల్లు కడుతుంటే అత్తయ్య ఆ యానాం ఆవిడ దగ్గర కూర్చుని సంక్రాంతి తర్వాత ఆడపడుచుతో కలిసి మళ్ళీ వస్తానని మాట్లాడేసుకున్నారు. నన్ను పిలిచి వెయ్యి అడ్వాన్స్ కట్టించి, "గది నంబరు రాయించుకో, అరుగు పక్కది, కిందదే" అన్నారు.