ఖాట్మండులో వాలంటీరుగా మొదటి రోజులు: హోమ్‌స్టేనా, అద్దె గదా?

ఖాట్మండులోని ఓ విద్యా కేంద్రంలో పాఠాలు చెప్పడానికి వెళ్తే, మొదట తేలాల్సింది బస: స్థానికుల ఇంట్లో వాళ్లతో కలిసి ఉండే హోమ్‌స్టేనా, విడిగా అద్దె గదా అని.

ఖర్చు: హోమ్‌స్టేలో సాధారణంగా భోజనం కలిసే ఉంటుంది. గదికి అద్దె, తిండి, గ్యాస్ విడివిడిగా. మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలు వస్తాయి కదా అని లెక్క వదిలేయకండి.

శ్రమ: ఇంట్లో వాళ్ల వేళలే మనవి. పొద్దున పదింటికల్లా దాల్‌భాత్ (పప్పూ అన్నం), మళ్లీ రాత్రికి. మొదట ఇబ్బందే. కానీ నేపాలీ ఆ వంటింట్లోనే వస్తుంది. 'ఖానా ఖానుభయో?' అంటే మన 'భోంచేశారా?' అనే పలకరింపే. మర్నాడు పిల్లల్ని అలా పలకరిస్తే క్లాసు టెన్షన్ సగం పోతుంది. గదిలో ఒంటరిగా ఉంటే ఇది దొరకదు.

రిస్క్: కుళాయి నీళ్లు ఎక్కడైనా కాచుకునే తాగాలి. గదిలో జ్వరమొస్తే చూసేవాళ్లుండరు.

రెండు మూడు వారాలకైతే హోమ్‌స్టే. నెలల తరబడి ఉంటూ, రాత్రుళ్లు ఆన్‌లైన్ ఉద్యోగం కూడా చేసేవాళ్లకు గదే నయం, మొదటి వారం ఓ ఇంట్లో గడిపాక.