పచ్చముద్ర, ఎర్రముద్ర: ‘పేపర్స్, ప్లీజ్’తో ఆరేళ్లు

ఈ ఆటను 2019లో ఒక పాత ల్యాప్‌టాప్‌లో మొదలుపెట్టాను. 2022 ఆగస్టులో ఫోనుకు వచ్చాక మళ్లీ కొన్నాను. ఇప్పటికి కథను మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా పదకొండుసార్లు ఆడాను. ఇందులో మొత్తం 20 ముగింపులు ఉన్నాయి, నేను చూసినవి పద్నాలుగు. మిగతా ఆరింటి కోసం నాకు తొందర లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ముందు ఆట గురించి కొంత చెప్పాలి.

లూకస్ పోప్ అనే అమెరికన్ రూపకర్త దీన్ని 2013 ఆగస్టులో విడుదల చేశాడు. కథ 1982 నవంబరులో మొదలవుతుంది. ఆర్‌స్టోట్స్కా అనే కల్పిత దేశానికి పొరుగు దేశంతో ఆరేళ్లు సాగిన యుద్ధం అప్పుడే ముగిసింది. గ్రెస్టిన్ అనే ఊరిని సరిహద్దు రెండు ముక్కలు చేసింది. లాటరీలో మన పేరు వచ్చింది కాబట్టి సరిహద్దు తనిఖీ గదిలో ఉద్యోగం దొరుకుతుంది. వచ్చినవారి పాస్‌పోర్టు, అనుమతి పత్రం, ఫొటో, తేదీ, ఎత్తు, బరువు సరిచూడాలి. సరిగా ఉంటే పచ్చముద్ర, లేకపోతే ఎర్రముద్ర. సరిగ్గా పంపిన ఒక్కో మనిషికి 5 క్రెడిట్ల కూలి. రోజులో మొదటి రెండు తప్పులకు హెచ్చరిక చీటీలు వస్తాయి, మూడో తప్పు నుంచి జరిమానా. సాయంత్రం ఆ కూలితోనే అద్దె, తిండి, చలిమంట, మందులు చూసుకోవాలి. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, మామయ్య ఉంటారు. డబ్బు చాలని రోజు తిండి మానాలా, చలిమంట మానాలా అన్నది మనమే గుర్తు పెట్టాలి.

మాది పర్లాకిమిడి. ఊరు దాటి కొద్ది దూరం వెళితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతాన్ని విడదీసిన గీత ఎన్నో ఇళ్లకు ఆ పక్క పుట్టిల్లు, ఈ పక్క అత్తిల్లు మిగిల్చింది. బజారులో ఒక దుకాణంలో కూర్చుని దరఖాస్తులు నింపడం నా పని. ఒడియాలో వకారం బకారంగా పలుకుతుంది కాబట్టి వైకుంఠరావు బైకుంఠరావు అవుతాడు. తెలుగు కాగితంలో ముందున్న ఇంటిపేరు ఇక్కడి కాగితంలో చివరికి చేరుతుంది. గత ఏడాది ఒక పెద్దాయన రెండు కార్డులు బల్ల మీద పక్కపక్కనే పెట్టి, రెండింటి మీదా చెరో వేలు ఉంచి, “అమ్మా, రెండూ నేనే” అన్నారు. ఫారంలో పేరు టైపు చేస్తే ఆ గడి ఎర్రబడింది. ఇంకోలా రాసినా ఎర్రబడింది.

ఆటలో ఇదే సందర్భం చాలాసార్లు వస్తుంది. రెండు కాగితాల్లో పేర్లు కలవకపోతే ఆ రెండింటినీ నొక్కి నిలదీయాలి, వేలిముద్రలు తీసుకోవాలి. అప్పుడు లోపలి నుంచి వచ్చే రికార్డులో మారుపేర్లు ఉంటాయి. అందులో రెండో పేరు కనిపిస్తే మనిషి సొంత దారిన వెళతాడు. ఆ మారుపేర్ల జాబితా తెర మీదకు వచ్చిన ప్రతిసారీ నాకు ఆ పెద్దాయన వేళ్లు గుర్తొస్తాయి. ఆయనకు అలాంటి జాబితా ఎవరి దగ్గరా లేదు. అఫిడవిట్ రాయించి, మూడుసార్లు తిప్పించాక పని అయింది.

ఇక నైతిక నిర్ణయాల సంగతి. ‘మాస్ ఎఫెక్ట్’ వంటి ఆటల్లో మంచి మాటకు నీలం, కరకు మాటకు ఎరుపు అని రంగులు పంచి పెట్టేవారు. మంచివాడిగా ఆడాలనుకుంటే చివరి దాకా నీలమే నొక్కుకుంటూ పోవచ్చు. అక్కడ నిర్ణయం మొదట్లోనే అయిపోతుంది, తర్వాత మిగిలేది దాన్ని గుర్తుంచుకోవడమే. మూడో భాగం 2012లో వచ్చినప్పుడు ముగింపు మీద ఆటగాళ్లు ఎంత గొడవ చేశారంటే, ఆ వేసవిలోనే ముగింపును విస్తరించి ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది. అన్నేళ్లు కూడబెట్టిన నిర్ణయాలన్నీ చివరి గదిలో ఒక ఎంపికకు కుదించుకుపోయాయన్నది వాళ్ల బాధ. ఆ బాధ న్యాయమైనదే.

‘పేపర్స్, ప్లీజ్’లో ఇది మంచి, ఇది చెడు అని ఎవరూ చెప్పరు. అయిదో రోజున ఒక భర్త వస్తాడు. అతని కాగితాలన్నీ సరిగా ఉన్నాయి. వెనకాల నా భార్య వస్తోంది, కాస్త దయ చూపండి అని చెప్పి లోపలికి వెళతాడు. ఆమె దగ్గర ప్రవేశ అనుమతి లేదు. వెనక్కి పంపితే చంపేస్తారని అంటుంది. మొదటిసారి ఆడినప్పుడు ఆమె మాట పూర్తిగా చదవకముందే నా చేయి ఎర్రముద్ర మీదకు వెళ్లింది. వరుస పొడవుగా ఉంది, గడియారం ఆరు వైపు జరుగుతోంది, కొడుక్కి జ్వరం. ముద్ర పడ్డాక చదివాను. ఆమె వెళ్లిపోయింది, తర్వాతి మనిషి వచ్చాడు. నా తప్పుల లెక్కలో ఏమీ చేరలేదు, ఎందుకంటే నిబంధన ప్రకారం నేను చేసింది సరైన పని.

అంతకన్నా నన్ను కలవరపెట్టినది అరెస్టు బొత్తం. కాగితాలు సరిగా లేనివారిని వెనక్కి పంపితే సరిపోతుంది, లేదా నిర్బంధించమని కాపలావాళ్లను పిలవొచ్చు. ఒక కాపలాదారు వచ్చి, మీరు పట్టించినవాళ్ల మీద నాకు వచ్చే సొమ్ములో మీకూ వాటా ఇస్తానంటాడు. నాలుగోసారి ఆడుతున్నప్పుడు ఒక సాయంత్రం ఆ రోజు ఎంతమందిని పట్టించానో లెక్క చూసుకున్నాను. వాళ్లలో ఎక్కువమందిని ఉత్తినే వెనక్కి పంపి ఉండొచ్చు. ఆ వాటాతో ఇంట్లో చలిమంట వేశాను. దానికోసం ప్రత్యేకంగా ఒక ముగింపంటూ లేదు. ఆట నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

ముగింపులు అసలు పనికిరావని అనను. ప్రధానమైనవి మూడు: ప్రభుత్వానికి నమ్మకంగా పనిచేసి ఉద్యోగంలో కొనసాగడం, ఎజిక్ అనే రహస్య సంఘానికి సాయపడి ప్రభుత్వాన్ని కూల్చడం, కుటుంబంతో ఒబ్రిస్టాన్ అనే మరో కల్పిత దేశానికి పారిపోవడం. మిగతావి చాలావరకు అప్పుల్లో పడటం, దొరికిపోవడం, జైలు. నేను అన్నిటికన్నా ఎక్కువగా తలచుకునేది పారిపోయే దారి. అందుకు ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక ఒబ్రిస్టాన్ పాస్‌పోర్టు కావాలి. అవి ఎక్కడి నుంచి వస్తాయి? మన గది ముందు నిలబడిన మనుషుల నుంచే. మన దేశస్థుల పాస్‌పోర్టులు జప్తు చేయమని పైనుంచి వచ్చిన ఉత్తర్వు మన చేతికి ఆ అధికారం ఇస్తుంది. దాన్ని ఒబ్రిస్టాన్ వాళ్ల మీద వాడుకోవడం మాత్రం మన సొంత దొంగతనం. సరిపడా దొరక్కపోతే ఇంట్లో కొందరిని వదిలి వెళ్లాలి.

2020లో రెండు రాష్ట్రాల మధ్య దారులు మూసినప్పుడు మా మేనత్త బీపీ మందులు పాతపట్నం వైపు పంపడానికి నాన్నగారు అడ్డుకర్రల దగ్గర రెండు గంటలు నిలబడ్డారు. అక్కడున్న కుర్రాడు ముందు కుదరదన్నాడు, తర్వాత ఇటూ అటూ చూసి సంచీ అందుకున్నాడు. అతనికి ఆ పూట ఏ హెచ్చరిక చీటీ వచ్చిందో మాకు తెలియదు. ఈ ఆట మళ్లీ ఆడేదాకా ఆ కుర్రాడి వైపు నుంచి నేనెప్పుడూ ఆలోచించలేదు.

వాడకం విషయానికొస్తే: ఫోనులో కాగితాలు ఒకదాని మీద ఒకటి పడి మొదటి వారం చిరాకు పెడతాయి, తర్వాత చేయి తిరుగుతుంది. నెట్ అవసరం లేదు, పాత ఫోనైనా ఆడుతుంది. శరీర తనిఖీ యంత్రంలో నగ్నచిత్రాలు వస్తాయి, సెట్టింగుల్లో ఆపుకోవచ్చు. పిల్లలున్న ఇంట్లో ముందు ఆ పని చేయండి. తెలుగు లేదు. అందులోని మాటలు పొట్టివి, విరిగిన వాక్యాలు. వాటిని వాడుక తెలుగులోకి తేవడం కష్టమేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి ఆ కోరిక కోరకుండా ఎలా ఉంటాను?

చివరిగా, రోజులు భద్రపరిచే తెర. ఏ రోజు దగ్గరికైనా వెనక్కి వెళ్లి అక్కడి నుంచి మళ్లీ ఆడితే ఒక కొత్త కొమ్మ మొలుస్తుంది, పాతది చెరిగిపోదు. నా ఫోనులో ఆ చెట్టు బాగా గుబురుగా ఉంది. ఒక కొమ్మ మాత్రం కథ ముగియడానికి కొన్ని రోజుల ముందు ఆగిపోయి ఉంటుంది. అందులో నలుగురూ బతికే ఉన్నారు, ఎవరికీ జ్వరం లేదు, కొడుకు వేసిన బొమ్మ గోడకు తగిలించి ఉంది. నా దగ్గర మూడు ఒబ్రిస్టాన్ పాస్‌పోర్టులు ఉన్నాయి, కావాల్సినవి అయిదు. తర్వాతి రోజు నొక్కి వరుసను పిలవాలి. ఏడాదిగా పిలవలేదు.